రెండు సభలకూ కుదరనప్పుడు: ఉమ్మడి సమావేశమా, సెలెక్ట్ కమిటీయా, సంయుక్త కమిటీయా, ఏది మేలు?

2020 జనవరి 22 రాత్రి కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ఒక టీ అంగట్లో టీవీ ముందు ఇరవై మందిమి నిలబడి ఉన్నాం. అమరావతిలో శాసనమండలి నడుస్తోంది. మన ఊరికి హైకోర్టు తెస్తామన్న మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీ దాటి రెండు రోజులైంది, మండలి ఒప్పుకుంటుందా లేదా అన్నదే టెన్షన్. చివరికి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో ఆ బిల్లునూ, దానితో పాటు వచ్చిన ఇంకో రాజధాని బిల్లునూ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానని ప్రకటించారు. నా పక్కనున్న పెద్దాయన చేతిలో టీ గ్లాసు అట్లే పట్టుకుని "అంటే ఏమబ్బా, వచ్చినట్లా, రానట్లా?" అని అడిగినాడు. అక్కడున్న ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

మూడు రాజధానులు మంచివా కావా అన్న వాదన ఇక్కడ పెట్టను, మా ఇంట్లోనే దాని మీద రెండు మాటలున్నాయి. కానీ ఆయన అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. రెండు సభలున్న చోట ఒకటి ఔనని, ఇంకొకటి కాదంటే ముడి ఎక్కడ విప్పాలి? ఉన్న దారులు ప్రధానంగా మూడు. మూడింటినీ చదివాక నాకు ఏది మేలనిపించిందో చెప్తాను.

అందరికీ తెలిసింది ఉమ్మడి సమావేశం. రాజ్యాంగం 108వ అధికరణం కింద లోక్‌సభ, రాజ్యసభ ఒకే హాల్లో కూర్చుని ఓటేస్తాయి. ఇన్నేళ్లలో బిల్లుల కోసం మూడుసార్లే జరిగింది: 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు పోటా. పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి మనీ బిల్లుకూ రాజ్యాంగ సవరణకూ ఈ దారి లేదు. పోటానే చూడండి, రాజ్యసభ ఓడించిన బిల్లుని 2002 మార్చి 26న ఒక్క రోజులో 425 - 296 ఓట్లతో గట్టెక్కించారు, రెండేళ్లు తిరిగి 2004 వచ్చేసరికి ఆ చట్టమే రద్దయింది. లోక్‌సభలో 543 మంది, రాజ్యసభలో 245 మంది, ఇద్దరినీ కలిపి లెక్క పెడితే గెలిచేది ఎవరో కూర్చోకముందే తెలుస్తుంది. పని త్వరగా తెగుతుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఒక్క క్లాజు గురించి కూడా ఎవరూ ఎవరి మాటా నిదానంగా వినే వీలుండదు.

పైగా ఇది పార్లమెంటుకే. రాష్ట్రాల్లో బిల్లుల కోసం ఉమ్మడి సమావేశం లేనే లేదు, ఇది చాలామందికి తెలియదు. ఇక్కడ 197వ అధికరణం నడుస్తుంది: మండలి మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు, ఆ తర్వాత అసెంబ్లీ మాటే చట్టం. మన బిల్లు విషయంలో జరిగింది అదే. సెలెక్ట్ కమిటీ ఏర్పడనేలేదు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకమైంది. ఈ లోపల మండలినే ఎత్తేయాలని జనవరి 27న అసెంబ్లీ తీర్మానం చేసింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్నీ వెనక్కి తీసుకున్నారు, రాజధాని చట్టాలనూ రద్దు చేశారు. దాదాపు రెండేళ్ల ఈ గొడవలో రెండు సభల వాళ్లూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడిన రోజు ఒక్కటి లేదు.

ఇక ఒక సభ వేసుకునే సెలెక్ట్ కమిటీ. దీన్ని తీసిపారేయలేం. జీఎస్టీ రాజ్యాంగ సవరణ బిల్లు 2015లో రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి వచ్చింది, తర్వాత చట్టమూ అయింది. చిక్కల్లా ఏమిటంటే ఒక సభ వాళ్లే వింటారు, వాళ్లే రాస్తారు, రెండో సభ దాన్ని అవతలి వాళ్ల కాగితంలా చూస్తుంది. 2020లో మన మండలి కమిటీ ఏర్పడి ఉన్నా అందులో దాదాపు అందరూ ఎమ్మెల్సీలే ఉండేవాళ్లు. అసెంబ్లీ దాని నివేదికను పట్టించుకునేదా అంటే నాకు నమ్మకం లేదు.

సంయుక్త కమిటీ దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. పార్లమెంటులో జేపీసీ అంటారు. ఒక సభ తీర్మానం పెట్టి తన సభ్యుల పేర్లు చెప్తుంది, రెండో సభ ఒప్పుకుని తన పేర్లు ఇస్తుంది. మామూలుగా లోక్‌సభ నుంచి ఇద్దరికి రాజ్యసభ నుంచి ఒకరు. వక్ఫ్ సవరణ బిల్లు కమిటీలో 21 మందికి 10 మంది, జమిలి ఎన్నికల బిల్లు కమిటీలో 27 మందికి 12 మంది. టీవీ కెమెరాలు లోపలికి రావు కాబట్టి ఎవరూ గ్యాలరీ కోసం అరవాల్సిన పనిలేదు. సాక్షులను పిలుస్తారు, అధికారులను ప్రశ్నిస్తారు, ఊళ్లు తిరుగుతారు, ఆఖరున క్లాజు తర్వాత క్లాజు తీసుకుని మార్పులు రాస్తారు, ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతి నోట్ ఇస్తాడు. మన ఇళ్లల్లో పెళ్లి మాటలప్పుడు తాంబూలాలు మార్చుకోకముందే రెండు వైపుల పెద్దమనుషులు ఒక గదిలో కూర్చుని ఇచ్చిపుచ్చుకునేవన్నీ తెగ్గొట్టుకుంటారే, అదే పద్ధతి. పందిట్లో బంధువులందరి ముందు మొదలుపెడితే ఎవరూ తగ్గరు.

నన్ను బాగా కదిలించింది 2015 భూసేకరణ బిల్లు. 2013 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకి భూమి తీసుకోవాలంటే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం మంది ఒప్పుకోవాలి, సామాజిక ప్రభావ అంచనా వేయాలి. కొత్త బిల్లు అయిదు రకాల ప్రాజెక్టులకు ఆ రెండూ అక్కర్లేదంది. లోక్‌సభలో బలముంది, రాజ్యసభలో లేదు. బిల్లు 20 మంది, 10 మందితో వేసిన సంయుక్త కమిటీకి వెళ్లింది. అక్కడ రైతు సంఘాలు వచ్చి చెప్పాయి, ఆగస్టు వచ్చేసరికి అధికార పార్టీ సభ్యులే సమ్మతి నిబంధనను మళ్లీ పెట్టాలని సవరణలు ఇచ్చారు. ఆ నెలాఖరుకు ఆర్డినెన్స్ గడువు తీరిపోనిచ్చారు. ఓర్వకల్లు వైపు పరిశ్రమలకు భూములు ఇచ్చిన ఊళ్ల వాళ్లకు ఆ సమ్మతి అన్న మాట ఎంత బరువైందో నేను చెప్పక్కర్లేదు. ఇదే విషయం ఉమ్మడి సమావేశానికి పోయి ఉంటే ఒక్క రోజులో తలలు లెక్కపెట్టి ముగించేవాళ్లు.

పని త్వరగా కాదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. దివాలా కోడ్ బిల్లు 2015 డిసెంబరులో వచ్చింది, సంయుక్త కమిటీ 2016 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది, మే నెలలో రెండు సభలూ పాస్ చేశాయి. ఆరు నెలలు కూడా పట్టలేదు.

లోపాలు లేవా అంటే పెద్దవే ఉన్నాయి. కమిటీలోనూ మెజారిటీ అధికార పక్షానిదే. వక్ఫ్ బిల్లు కమిటీలో అధికార కూటమి వైపు నుంచి వచ్చిన 14 సవరణలు నెగ్గాయి, ప్రతిపక్షం ఇచ్చినవన్నీ ఓట్లలో వీగిపోయాయి. వ్యక్తిగత డేటా బిల్లు 2019 డిసెంబరులో కమిటీకి వెళ్లి రెండేళ్లు అక్కడే ఉంది, 99 సెక్షన్ల బిల్లుకి 81 సవరణలు సూచించారు, చివరికి 2022 ఆగస్టులో ప్రభుత్వం బిల్లునే వెనక్కి తీసుకుంది, ఆ మరుసటేడు తెచ్చిన కొత్త బిల్లుని ఏ కమిటీకీ పంపకుండా చట్టం చేశారు. కమిటీ మాట సలహానే, ఆజ్ఞ కాదు. కుంభకోణాల మీద వేసే జేపీసీలకు, అంటే 1987 బోఫోర్స్, 1992 హర్షద్ మెహతా, 2011 టూజీ లాంటి వాటికి, నేను అంత మార్కులు వేయను, అక్కడ ఎవరి పార్టీని వాళ్లు కాపాడుకోవడంతోనే సరిపోతుంది. బిల్లు పరిశీలించడానికే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

శాఖలవారీ స్థాయీ సంఘాలూ రెండు సభలవే, 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 21 మంది, 10 మంది. ఏడాదంతా పనిచేస్తాయి కాబట్టి మామూలు బిల్లులకు అవి చాలు. కానీ ఒక ప్రాంతం భవిష్యత్తు తేల్చే బిల్లుకి దాని కోసమే వేసిన కమిటీ కావాలి.

ఇతర దేశాల్లో దీన్ని ఇంకా గట్టిగా రాసుకున్నారు. ఫ్రాన్స్‌లో రెండు సభల మధ్య తేడా వస్తే చెరో ఏడుగురితో కమిటీ కూర్చుంటుంది. జర్మనీలో చెరో పదహారు మంది. సగం సగం. మన దగ్గర రెండుకి ఒకటి అన్న లెక్క కన్నా అది నాకు నచ్చింది, చిన్న సభ గొంతు అక్కడ మునిగిపోదు.

అందుకే నా ఓటు సంయుక్త కమిటీకి. అదీ బిల్లు రెండు సభల్లోనూ ఓటుకి రాకముందే, పంతాలు ముదరకముందే. 175 సీట్ల అసెంబ్లీలో నాలుగు పాత జిల్లాల రాయలసీమకు ఉన్నవి 52. తలలు లెక్కపెట్టే ఆటలో మనం ఎప్పుడూ తక్కువే, మన వాదన బలంగా వినిపించేది వాదన వినే చోటే. రాష్ట్రంలో ఇలాంటి కమిటీకి రాజ్యాంగం అడ్డు చెప్పదు, రెండు సభలూ సరేనంటే చాలు. ప్రభుత్వ లెక్కలు చూసే పీఏసీలో ఎమ్మెల్యేలూ ఎమ్మెల్సీలూ ఇప్పటికే కలిసి కూర్చుంటున్నారు కదా.

కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రులం కలిసి పశ్చిమ రాయలసీమ ఎమ్మెల్సీని ఎన్నుకుంటాం. 2023 మార్చిలో నేను ఊదా రంగు స్కెచ్ పెన్నుతో బ్యాలెట్ మీద అంకెలు వేస్తున్నప్పుడు నిలబడ్డవాళ్లలో ఎవరినీ ఈ సంగతి అడగలేదని గుర్తొచ్చి బాధనిపించింది. ఈసారి మా వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ అడుగుతాను: సీమకు సంబంధించిన బిల్లు మళ్లీ వస్తే ఉభయ సభల కమిటీ కోసం తీర్మానం పెడతారా, దాని సమావేశం ఒక్కటైనా కర్నూలులో, టీ అంగట్లో ఆ రోజు నాతో నిలబడ్డవాళ్లు కూడా వచ్చి మాట్లాడేలా, జరిపిస్తారా?