లెక్క చెప్పించాలా, హద్దు గీయాలా?

కంపెనీల్లో పై స్థాయి జీతానికీ కింది స్థాయి జీతానికీ మధ్య అగాధం తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, లెక్క బయటపెట్టించడం. మన కంపెనీల చట్టం 2013 ప్రకారం, ఒక్కో డైరెక్టరు జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరుసలో సరిగ్గా మధ్యలో ఉండే ఉద్యోగి) జీతానికి ఎన్ని రెట్లో లిస్టెడ్ కంపెనీలు, అంటే స్టాక్ మార్కెట్‌లో నమోదైనవి, ఏటా చెప్పాలి. మంచిదే, షేర్‌హోల్డర్లు నిలదీయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. కానీ హైటెక్ సిటీ ఆఫీసులో తెల్లారకముందే నేల తుడిచే ఆమెను చూడండి. మెడలో వేలాడే ఐడీ కార్డు మీద ఉండేది ఆమెను పనికి పంపిన కాంట్రాక్టు ఏజెన్సీ పేరు. అలాంటప్పుడు ఆమె జీతం ఆ కంపెనీ లెక్కలోకే రాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

రెండోది, హద్దు గీయడం. స్పెయిన్‌లోని మోండ్రాగన్ సహకార సంఘాల్లో సభ్యుల పై జీతం, కింది జీతానికి సుమారు ఆరు రెట్లు దాటదు. అక్కడ పనిచేసేవాళ్లే యజమానులు, ఓటేసి నిర్ణయించుకుంటారు. దాన్నే చట్టంగా తేవడం మాత్రం కష్టం. స్విట్జర్లాండ్‌లో 12 రెట్ల హద్దు పెడదామంటే 2013 ప్రజాభిప్రాయ సేకరణలో 65 శాతం మంది వద్దన్నారు.

అయినా నేను హద్దు వైపే. అది వచ్చేదాకా, కనీసం కాంట్రాక్టు కార్మికుల జీతాలనైనా ఆ లెక్కలో కలపాలి.