విశాఖ ఏసీ హాళ్లు: శ్రీకాకుళం, విజయనగరం పెళ్లివారికి పనికొస్తాయా?

స్టేజీ, లైటింగు, పార్కింగు విషయంలో విశాఖ హాళ్లకు వంకపెట్టడానికి లేదు. అసలు తేడా భోజనాల దగ్గరే తెలుస్తుంది. వెయ్యిమంది చుట్టాలకు 250 కుర్చీలే ఉంటే నాలుగు బంతులు వేయాలి. వడ్డన, తినడం, బల్లలు తుడవడం కలిపి బంతికి 40 నిమిషాలు. ఆఖరి బంతి లేచేసరికి రెండున్నర గంటలు దాటిపోతుంది. బస్సులో వచ్చిన శ్రీకాకుళం వాళ్లు తిరిగి వంద కిలోమీటర్ల పైనే వెళ్లాలి, పిల్లలూ ముసలివాళ్లూ నలిగిపోతారు. 350 కుర్చీలుంటే మూడు బంతుల్లో తేలిపోతుంది. అంతకు తక్కువైతే, హాలు ఎంత అందంగా ఉన్నా వద్దనే చెబుతాం.

24 గంటల అద్దె అన్నప్పుడు ఏ గంట నుంచి ఏ గంట వరకో రాయించుకోండి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకుండి, 6 గంటలకు ఖాళీ చేయమంటే అప్పగింతలు కూడా ప్రశాంతంగా జరగవు. మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి మాట్లాడుకోవడం మేలు.

జనరేటరు ఏసీలను కూడా లాగుతుందా, లైట్లూ ఫ్యాన్లకేనా? ఎదురుగా వేయించి చూడండి. డీజిలు, క్లీనింగు ఖర్చు వేరుగా ఉంటే ముందే రాయించాలి. అద్దె మీద 18 శాతం జీఎస్టీ కూడా కలుపుకోండి. హోమం పొగకు అలారం మోగుతుందేమో మేనేజరును అడగండి.

ఇక 400 మంది లోపు పెళ్లయితే విజయనగరంలోనే చేసుకోండి. మిగిలిన బస్సుల ఖర్చు వంటల మీద పెట్టొచ్చు.