పాత మొవర్‌కి "కొత్త బెల్టు వేశాం" అన్నారా? అయితే డెక్ కిందికి వంగి చూడండి

అమెరికాలో షార్లెట్ చుట్టుపక్కల ముప్పావు ఎకరం, ఎకరం లాన్ ఉన్న ఇల్లు కొని, పాత రైడింగ్ మొవర్ (ఎక్కి కూర్చుని నడిపే, గడ్డి కోసే బండి) కోసం వెతుకుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు అమ్మిన కొట్టు పేరు చెప్పను, అడగొద్దు.

ఏప్రిల్‌లో, పాత మొవర్లు బాగుచేసి అమ్మే ఒకచోట 42 అంగుళాల డెక్ (బ్లేడ్లని కప్పి ఉండే కింది రేకు పెట్టె) ఉన్న లాన్ ట్రాక్టర్ 1,100 డాలర్లకి తీసుకున్నాను. హుడ్ తళతళలాడుతోంది. డెక్ అడుగున నల్ల పెయింటు వాసన ఇంకా పోలేదు. "డెక్ బెల్టు కూడా కొత్తదే, రెండేళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు కొట్టతను. ఇంజన్ బలంతో బ్లేడ్లని తిప్పే బెల్టది. నేను మురిసిపోయాను తప్ప, పాత బెల్టుకి ఏమైందని అడగలేదు.

మూడోసారి గడ్డి కోస్తుంటే కాలిన రబ్బరు వాసన మొదలైంది. వానలకి ఫెస్క్యూ గడ్డి ఏపుగా పెరిగింది కదా, బరువు పడుతోందేమోలే అనుకున్నాను. ఇంకో రెండు వరసలు అయ్యాయో లేదో కీచుమని ఒక అరుపు, ఆ వెంటనే టప్‌మని బెల్టు తెగింది. ఫోన్ చేస్తే "తడి గడ్డి కోసి ఉంటావు" అన్నాడు. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో 'యాజ్ ఈజ్' (ఉన్నదున్నట్టు అమ్ముతున్నాం, తర్వాత మాకు సంబంధం లేదు) అని ఉండనే ఉంది. ఇక ఏం మాట్లాడతాం?

తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి (ఇంజన్ ఆగింది కదా అని ఈ పని ఎగ్గొట్టకండి, కింద ఉన్నది బ్లేడు), డెక్ బయటికి లాగాను. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే ఐడ్లర్ పుల్లీ సగం చుట్టు తిరిగి పట్టేస్తోంది. ఎడమ స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) తిప్పితే ఇసుక నమిలినట్టు గరగర. బ్లేడు కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే కటకటమని కదులుతోంది. బేరింగ్ ఎప్పుడో పోయింది. తిరగని పుల్లీ మీద రాసుకుంటూ పోతే ఏ బెల్టయినా కాలుతుంది. పాతది కూడా అలాగే పోయి ఉంటుంది. అసలు రోగం అలాగే ఉంచి పైన కొత్త బెల్టు తగిలించి అమ్మేశాడు. స్పిండిల్ చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెయింటుతో పాటు తుప్పు పెచ్చులు రాలాయి, ఒకచోట మొన అవతలికే దిగిపోయింది.

బెల్టయినా సరైనదా అంటే అదీ కాదు. వెడల్పు, పొడవు సరిపోయాయి గానీ, తెగినచోట చూస్తే లోపలన్నీ తెల్లటి దారాలు. డెక్ బెల్టు ఫ్యాను బెల్టులాంటిది కాదు. బ్లేడ్లు ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్కసారిగా బిగుసుకుంటుంది, ఐడ్లర్ దాన్ని వీపు వైపు నుంచి వంచుతుంది. అందుకే ఇలాంటి చోట కెవ్లార్ (సులువుగా సాగని గట్టి సింథటిక్ పోగు) దారం ఉన్న బెల్టు వాడతారు, ఆ దారం సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. మామూలు బెల్టు సాగిపోతుంది. మాన్యువల్‌లో ఉన్న పార్ట్ నంబరు చూసి కొనండి, టేపు పెట్టి కొలిచి కాదు.

మా ఊరి పిండిమరలో బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లేవాళ్ళు. ఇక్కడ కూడా అలాంటి స్ప్రేలు దొరుకుతాయి. వాటి జోలికి పోకండి, దుమ్మూ గడ్డీ అంటుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. జారుతోందంటే స్ప్రింగో, పుల్లీయో, అరిగిన బెల్టో చూడాల్సిందే.

ఇంజన్ నుంచి వెనక చక్రాలని తిప్పే గేర్ పెట్టెకి, అంటే ట్రాన్సాక్సిల్‌కి వెళ్ళే డ్రైవ్ బెల్టు వేరే. చాలా మోడళ్ళలో డెక్ విప్పితే గానీ దాన్ని మార్చడం కుదరదు, అందుకే అమ్మేవాళ్ళు ముట్టుకోరు. కొనే ముందు 20 నిమిషాలు నడిపి, బాగా వేడెక్కాక ఎత్తు మీదికి ఎక్కించండి. నీరసపడితే బెల్టు కావచ్చు, ట్రాన్సాక్సిలే పోయి ఉండొచ్చు. రెండోదైతే ఆ బండి వదిలేసుకోండి. నడపనివ్వను, డెక్ కింద చూడనివ్వను అంటే అప్పుడూ అంతే.

రెండు స్పిండిళ్ళు, ఐడ్లర్, కంపెనీ బెల్టు, కన్నానికి వెల్డింగ్ అన్నీ కలిపి నాకు ఇంకో 380 డాలర్లు పడ్డాయి. నిన్న అటుగా వెళ్తే కొట్టు ముందు అదే మోడల్ ఇంకోటి నిలబెట్టి ఉంది. డెక్ నల్లగా నిగనిగలాడుతోంది.