చీర ఉయ్యాల, స్ప్రింగు ఉయ్యాల, భుజం, చాప: బిడ్డ నిద్రకు ఏది మేలు?

మూడో నెల నిండినాక మా వాణ్ణి పుత్తూరులోని అమ్మమ్మ ఇంటి నుంచి తిరుపతికి తెచ్చుకున్నాం. అక్కడ పాత ఇంటి దూలానికి చీర కట్టి నాలుగు ఊపులు ఊపితే చాలు, వాడికి కళ్లు మూతలు పడేవి. కొర్లగుంటలో మాది బాడుగిల్లు. శ్లాబుకు కొక్కెం లేదు, డ్రిల్లు వేస్తామంటే ఇంటాయన ఒప్పుకోలేదు. మొదటి రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైన ఏడుపు పన్నెండు దాటినా ఆగలేదు. చిత్తూరు నుంచి మా అమ్మ ఫోన్లో, "భుజానేసుకొని తిరగరా నాయినా, గమ్మునైపోతాడు" అనింది. అత్తేమో, "ఉయ్యాల లేని ఇంట్లో బిడ్డ ఎట్ల పనుకుంటాడు?" అనింది. నా భార్య ఇద్దరికీ సమాధానం చెప్పకుండా ఫోను పెట్టేసింది.

ఇన్ని నెలల తర్వాత నాకు తెలిసిందేమంటే, వాళ్లిద్దరూ మాట్లాడింది ఒకే పని గురించి కాదు. బిడ్డకు నిద్ర తెప్పించడం ఒక పని. నిద్రపోయిన బిడ్డను తెల్లారేదాకా ఎక్కడ ఉంచాలనేది ఇంకో పని. ఏది మేలని అడిగే ముందు ఏ పనికని అడగాలి.

మొదటి పనిలో చీర ఉయ్యాలను మించింది లేదు, ఒప్పుకోవాల్సిందే. ఊపుంటుంది, కడుపులో ఉన్నట్టే నలువైపులా ఒత్తి పట్టుకున్నట్టుంటుంది, ఎండాకాలంలో నూలుగుడ్డకు గాలాడుతుంది. చిన్నపిల్లలు ఉన్నట్టుండి చేతులు రెండూ ఎగరేసి ఉలిక్కిపడతారు కదా, దాన్ని మన పక్క జడుపంటారు, దిష్టి తీస్తారు. అది పుట్టుకతో వచ్చే స్పందనే, నాలుగు నుంచి ఆరు నెలల లోపు దానంతటదే పోతుంది. చీరలో ఆ చేతులకు చోటు తక్కువ కాబట్టి వాళ్లను వాళ్లే లేపుకోవడం తగ్గుతుంది. చీర మాత్రం మందపు నూలుదే ఉండాలని అత్త పట్టు. వెంకటగిరి చీర ఎంత మెత్తనైనా ఆమె దాన్ని దూలం దాకా రానివ్వదు. ఆ మాటకొస్తే కొండమీద స్వామికి కూడా రాత్రి ఏకాంత సేవలో గొలుసులతో వేలాడే మంచమే. భోగ శ్రీనివాసమూర్తిని దాని మీద శయనింపజేసి, తాళ్లపాక వంశస్థులు లాలి పాడతారు. ఇంత పేరున్న పద్ధతిని నేను కాదంటే ఎవరు వింటారు?

రాత్రంతా అందులోనే వదలడం మీదే నా అభ్యంతరం. చీర కిందికి సాగి బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం ఎదకు ఆనుతుంది. మెడ నిలవని పసివాడు తల ఎత్తి సర్దుకోలేడు, ఊపిరి దారి నొక్కుకుపోతుంది. గుడ్డ ముఖం మీదికి రావచ్చు. బోర్లపడే వయసొస్తే జారి కిందపడే భయం. పెద్ద పిల్లలు అదే చీరలో గిరగిరా తిరిగి మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో ఏడాది లోపు బిడ్డను ప్రతి నిద్రకూ వెల్లకిలా, గట్టిగా సమంగా ఉన్న చోట పనుకోబెట్టమనే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. పసిబిడ్డ నిద్ర సుమారు గంటకొక చుట్టు. చుట్టు అయిపోయినప్పుడల్లా సగం మెలకువొస్తుంది, అప్పుడు ఊపు లేకపోతే ఏడుపు. మా అవ్వ కాలంలో తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకొని చాప మీద ఒరిగి, నిద్రలోనే ఊపేదంట. మా ఇంట్లో ఉన్నవి రెండు జతల కాళ్లు, రెండూ పొద్దున ఆఫీసుకు పోయేవే.

ఇనప స్టాండు, స్ప్రింగు ఉన్న ఉయ్యాల గాంధీరోడ్డులో కొన్నాం. కొక్కెం బాధ తప్పింది, అంతే. లోపల గుడ్డసంచీ అదే మాదిరి వంగుతుంది, పైగా బిడ్డ కాళ్లు తన్నినప్పుడల్లా కిందికీ మీదికీ ఎగిరి వాణ్ణే లేపుతుంది. ఇప్పుడు దానిమీద ఉతికిన బట్టలు ఆరేస్తాండాం.

ఇక భుజం. అమ్మ మాటను నేను తేలిగ్గా తీసుకున్నాను గానీ, జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 21 మంది పసిబిడ్డల మీద చేసి 2022లో ప్రచురించిన పరిశీలన చదివినాక లెంపలేసుకున్నా. ఏడ్చే బిడ్డను ఎత్తుకొని అయిదు నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయినాక వెంటనే దించకుండా ఎత్తుకునే కూర్చొని ఇంకో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఉండి, ఆ తర్వాత పనుకోబెట్టాలి. దించేటప్పుడు వీపుకు పరుపు తగిలి లేస్తారని మనం అనుకుంటాం. వాళ్లు చూసిందేమంటే, మన ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణానే బిడ్డ గుండె వేగం మారుతుంది. నేను చేసిన తప్పు అదే. కన్ను మూయగానే వదిలించుకుందామని తొందరపడేవాణ్ణి. హాలు నుంచి వంటిల్లు, వంటిల్లు నుంచి హాలు, తర్వాత గోడకు ఆనుకొని ఎనిమిది నిమిషాలు. రోజూ పారిందని చెప్పను, ఎక్కువ రోజులు పారింది. నడుం పోతుంది, ఆపరేషన్ కాన్పైన తల్లికి ఇది మొదట్లో కష్టం, కాబట్టి తండ్రి పని అనుకోవడమే న్యాయం. ఒక్క జాగ్రత్త, మనకే కునుకొస్తుంటే సోఫాలో కూర్చోవద్దు. బిడ్డతో కలిసి సోఫాలో నిద్రపోవడం అన్నింటికంటే ప్రమాదం.

పాలు తాగుతూ నిద్రపోతే అది ఇంకా సుఖం, తేన్పు తీసి దించితే సరి.

రెండో పనికి నా ఓటు చాపకే. నేల మీద తుంగచాప, దాని మీద మడత లేకుండా బిగుతుగా పరిచిన దుప్పటి. కిందపడే మాటే లేదు, వీపు సమంగా ఉంటుంది. తల గుండ్రంగా వస్తుందని అమ్మ కుట్టించిన ఆవాల దిండును బీరువాలో పెట్టేశాం, మనసులో నొచ్చుకుంది. మెత్తటి బొంతలు, బొమ్మలు కూడా లేవు. పైన దోమతెర, ఒంటికి పల్చటి జుబ్బా. మే నెల తిరుపతిలో బిడ్డను గుడ్డల్లో చుట్టడం వేడికి వేడి తోడు చేయడమే. వాడి చాప వేరు, తల్లి చాప చేయి చాస్తే అందేంత దూరం. చాపకూ లోపాలున్నాయి. చీమలొస్తాయి, డిసెంబరులో నేల చల్లబడుతుంది కాబట్టి కింద ఇంకో జంపఖానా కావాలి. మొదటి వారం అర్ధరాత్రి ఏడ్చినప్పుడు ఉయ్యాల గుర్తొచ్చి మేమే జావగారిపోయాం.

ఇదంతా మూడు, నాలుగు నెలలు దాటిన బిడ్డ సంగతి. అంతకు ముందు వాళ్లకు పగలూ రాత్రీ తేడానే సరిగా తెలియదు, అలవాటు చేస్తామనుకోవడం మన భ్రమ. నాలుగు నుంచి పన్నెండు నెలల వయసులో పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలంటారు. పగలు నిద్ర తగ్గిస్తే రాత్రి బాగా పనుకుంటాడని మా పక్కింటామె చెప్తే ఒకరోజు చేసి చూశాం. అలిసిపోయి ఇంకా ఎక్కువ ఏడ్చినాడు.

పుత్తూరు పోయినప్పుడు పగటి నిద్ర మాత్రం ఇప్పటికీ చీరలోనే. అత్త తాడు వదలదు, నేను ఆ పక్క నుంచి కదలను. వాడికి గాఢంగా నిద్ర పట్టినాక ఎత్తి, ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకొని చాప మీదికి మార్చేది నేను. "ఇంత దానికి ఉయ్యాలెందుకు కట్టమన్నావు నాయినా?" అని ఆమె ప్రతిసారీ అడుగుతుంది.