విజయవాడలో నెగటివ్‌లు స్కానింగ్‌కు ఇచ్చేవారికి ఒక హెచ్చరిక

పాత నెగటివ్‌లను స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలనుకుంటున్న విజయవాడ, గుంటూరు వాసులు డబ్బు చెల్లించే ముందు దీన్ని చదవవలసిందిగా మనవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ ఇళ్లను ముంచెత్తినప్పుడు మా బంధువుల ఆల్బమ్‌లు తడిసి పాడయ్యాయి. ఆ భయంతోనే మా అమ్మానాన్నల పెళ్లి నెగటివ్‌లనూ ఆల్బమ్‌నూ నగరంలోని ఒక దుకాణానికి ఇచ్చాము.

నెగటివ్ నుంచే స్కాన్ చేస్తామని, ఆ తరువాత అవి దండగ కనుక తమ వద్దే వదిలేస్తే బిల్లులో కొంత తగ్గిస్తామని దుకాణదారు చెప్పారు. మేము అంగీకరించక వెనక్కి తెచ్చుకున్నాము. ఫైళ్లు 6000 పిక్సెళ్ల పొడవున్నాయి గానీ ముఖాలు మసకగా ఉన్నాయి. నెగటివ్‌ను ట్యూబులైటు ముందు పట్టి చూస్తే, గ్రూపు ఫొటోలో కుడి చివర నిలబడిన మేనత్త అందులో పూర్తిగా ఉన్నారు, ఫైలులో మాత్రం భుజం తెగిపోయింది. 35 ఎం.ఎం. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు; దాన్ని 5×7 అంగుళాల ప్రింటు వేస్తే పొడవు వైపు అంచులు పోతాయి. అంటే ఆల్బమ్‌లోని ప్రింటును స్కాన్ చేసి, కంప్యూటరులో సాగదీసి ఇచ్చారన్నమాట. వెండి కోసమే నెగటివ్‌లను అడిగారనుకుందామా అంటే, ఎక్స్‌రే ఫిల్ములను దానికోసం కొంటారు, కానీ డెవలప్ చేసిన రంగు నెగటివ్‌లో వెండి మిగలదు. పోల్చి చూసే ఆధారం మా చేతిలో లేకుండా చేయడానికే వాటిని అడిగారని నా అనుమానం.

అదే ఫ్రేమును 2400 డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అనే లెక్క) వద్ద నిజంగా స్కాన్ చేస్తే సుమారు 3400 పిక్సెళ్ల పొడవు వస్తుంది, 300 డీపీఐ అయితే 425 మాత్రమే. కాబట్టి 'హై రిజల్యూషన్' అనే మాటకు అర్థం లేదు, అంకె అడగాలి. పిక్సెళ్ల సంఖ్యను కూడా నమ్మకుండా, ఫైలును తెరపై 100% జూమ్‌లో తెరిచి ఫిల్ము గ్రెయిన్ (ఫిల్ములో సహజంగా ఉండే సన్నని రేణువులు) కనిపిస్తోందో లేదో చూడాలి.

పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు 'లైఫ్‌టైమ్' ఉంటాయని చెప్పడమూ అబద్ధమే. అందులో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది కారిపోతుంది, బెజవాడ ఎండలకు ఇంకా త్వరగా. డీవీడీలోని రంగు పొర కూడా వేడికీ వెలుతురుకూ చెడుతుంది. ఫిల్మేమీ చిరంజీవి కాదు; రంగులు వెలుస్తాయి, ఉక్కపోతలో ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము వెనిగర్ వాసన వేసి ముడుచుకుపోతుంది. అయితే ఆ చెడటం కంటికి, ముక్కుకు తెలుస్తుంది. పాడైన ఫైలు మాత్రం ఒకరోజు తెరుచుకోదు, అంతే. అందుచేత ఫైళ్లను రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉండేలా దాచి, నెగటివ్‌లను పీవీసీ కవర్లలో కాక పాలీప్రొపిలీన్ కవర్లలో, అటక మీద కాక చల్లని బీరువాలో ఉంచుకోవాలి.

డబ్బు వాపసు అడిగితే, బిల్లులో 'ఫొటో స్కానింగ్' అని మాత్రమే ఉందని దుకాణదారు వాదించారు. నెగటివ్ నుంచే స్కాన్ చేస్తామనీ, ఎన్ని డీపీఐ అనీ, టిఫ్ (నాణ్యత తగ్గించకుండా దాచే రకం) ఫైళ్లు ఇస్తామనీ బిల్లుపై రాయించుకోండి; రాయనంటే ఆ దుకాణానికి ఇవ్వకండి. ఇప్పటికే ఇలా మోసపోయినవారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.