జాగ్రత్త: సెన్సిటివిటీని చివరిదాకా పెంచి చూపించే అమ్మకందారు మాట నమ్మి మెటల్ డిటెక్టర్ కొనవద్దు

మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా మొదటిసారి కొంటున్నవారు, డబ్బు చెల్లించే ముందు ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. నాకు అంటగట్టింది చెడిపోయిన యంత్రం కాదు. అది మోగుతుంది, లోహాన్ని గుర్తిస్తుంది, పెట్టెలో ఉండవలసినవన్నీ ఉన్నాయి. నేను నష్టపోయింది ‘సెన్సిటివిటీ (యంత్రం ఎంత చిన్న సంకేతానికి మోగాలో నిర్ణయించే అమరిక) ఎంత పెంచితే అంత లోతు అందుతుంది’ అన్న ఒక్క మాటను నమ్మినందువల్ల. ఆ మాట ఎందుకు తప్పో తెలిసేసరికి వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది.

మా అమ్మ పెరట్లో మొక్కలకు పాదులు చేస్తుండగా వేలి ఉంగరం జారి మట్టిలో కలిసిపోయింది. చేత్తో ఎంత వెతికినా దొరకకపోవడంతో డిటెక్టర్ కొనడానికి వెళ్లాను. అమ్మకందారు యంత్రాన్ని చెక్క బల్ల మీద పెట్టి, సెన్సిటివిటీ నాబ్‌ను చివరిదాకా తిప్పి, కాయిల్‌కు, అంటే కర్ర చివర ఉండి నేల మీద ఆడించే భాగానికి, జానెడు దూరంలో ఒక నాణేన్ని అటూ ఇటూ కదిలించి చూపించాడు. ప్రతిసారీ స్పష్టంగా మోగింది. ‘ఎప్పుడూ ఫుల్‌లోనే ఉంచండి, తగ్గిస్తే లోతు పోతుంది’ అని రెండు మూడు సార్లు చెప్పాడు. మాది ఎర్రమట్టి నేల అని నేను చెప్పినప్పుడు, ఏ నేలయినా ఒకటేనన్నాడు.

పెరట్లో కాయిల్‌ను నేలకు దగ్గరగా ఆడించగానే యంత్రం ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మోగిన ప్రతిచోటా తవ్వాను. మూడు సాయంత్రాల్లో ఇరవైకి పైగా గుంటలు తవ్వితే రెండు తుప్పు మేకులు, ఒక సీసా మూత, కొన్ని రేకు ముక్కలు దొరికాయి. మిగిలిన గుంటల్లో ఏమీ లేదు. నాకు వాడడం చేతకావడం లేదనుకుని, చేతి ఊపు మార్చి, బ్యాటరీలు మార్చి, మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. గడువు రోజులు అలాగే కరిగిపోయాయి.

సెన్సిటివిటీ అంటే ఏమిటో కొనే ముందే తెలిసి ఉండవలసింది. డిటెక్టర్ కాయిల్ నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రం లోహాన్ని తాకినప్పుడు అందులో సుడి ప్రవాహాలు (సుడిలా తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు) పుడతాయి, వాటి నుంచి తిరిగి వచ్చే చాలా బలహీనమైన సంకేతాన్ని యంత్రం అందుకుంటుంది. సెన్సిటివిటీని పెంచడమంటే సాధారణంగా ఆ అందుకున్న సంకేతాన్ని మరింత పెద్దది చేయడమే గాని, నేలలోకి పంపే శక్తిని పెంచడం కాదు. ఉంగరం నుంచి వచ్చిన సంకేతంతోపాటు నేల నుంచి, కరెంటు తీగల నుంచి, దగ్గరలోని ఫోన్ల నుంచి వచ్చే గోలంతా అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది. దూరపు రేడియో స్టేషన్ సరిగా అందనప్పుడు శబ్దం పెంచితే మాటతోపాటు గరగర కూడా పెరిగినట్టే ఇదీ జరుగుతుంది.

పెంచినంత మాత్రాన లోతు కూడా అంతగా పెరగదు. కాయిల్ వెడల్పుతో పోలిస్తే బాగా దూరంలో ఉన్న చిన్న వస్తువును తీసుకుంటే, కాయిల్ నుంచి వెళ్లే క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది, వస్తువు నుంచి తిరిగి వచ్చేది కూడా అలాగే తగ్గుతుంది. రెండూ కలిస్తే సంకేతం దూరపు ఆరవ ఘాతానికి విలోమంగా తగ్గినట్టవుతుంది. అంటే లోతు రెట్టింపయితే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. తిరగేసి చూస్తే, సెన్సిటివిటీని నిజంగా రెట్టింపు చేసినా లోతులో వచ్చే లాభం దాదాపు 12 శాతమే. 20 సెంటీమీటర్ల దగ్గర అందే వస్తువు 22 సెంటీమీటర్లకు కాస్త పైన అందుతుంది, అదీ గోల ఏమీ లేనప్పుడు. ఆ రెండు సెంటీమీటర్ల కోసం ప్రతి అడుగులోనూ తప్పుడు మోతను భరించాలా అన్న ప్రశ్న అమ్మకందారు బల్ల దగ్గర ఎవరికీ తట్టదు, ఎందుకంటే అక్కడ నేల లేదు.

నన్ను దెబ్బతీసింది ఆ నేలే. మాగ్నటైట్ వంటి ఇనుప ఖనిజాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి, ఉప్పునీటితో తడిసిన సముద్రపు ఇసుక, కొన్ని రకాల రాళ్లు, లోహం కాకపోయినా డిటెక్టర్‌కు సంకేతం ఇస్తాయి. ఆ సంకేతాన్ని కొలిచి పక్కకు పెట్టే ఏర్పాటునే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. కొన్ని యంత్రాల్లో దాన్ని మనమే సరిచేసుకోవచ్చు, కొన్నింటిలో యంత్రమే నేలను గమనిస్తూ సరిచేసుకుంటుంది, చవకరకం యంత్రాలు చాలావాటిలో అది ఫ్యాక్టరీలో బిగించి పంపిన ఒకే స్థానంలో ఉండిపోతుంది. నాకు అమ్మినది ఈ మూడో రకం. తేలికపాటి నేలలో అది బాగానే పనిచేయవచ్చు. మా మట్టిలో మాత్రం సెన్సిటివిటీ పెంచితే నేలే మోగింది, నేల నిశ్శబ్దమయ్యేదాకా తగ్గిస్తే, ఉంగరం ఉండగలిగిన లోతులో అది ఏదీ పట్టుకోలేకపోయింది. మధ్యలో పనికొచ్చే స్థానమే లేదు. ఏ నేలయినా ఒకటేనన్న అమ్మకందారుకు ఈ సంగతి తెలియదనుకోను, ఎందుకంటే ఆయన దగ్గర గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేసుకునే యంత్రాలు కూడా ఉన్నాయి, వాటిని కొనేవారికి ఆ సౌకర్యాన్నే గొప్పగా చెబుతున్నాడు.

విడిగా పరీక్షించినప్పుడు పనిచేసిన పరికరం, అసలు చోట పరిసరాల వల్ల విఫలం కావడం కొత్త కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఆయన శరీరంలోని తూటాను కనుక్కోవడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ విద్యుత్ ప్రేరణతో పనిచేసే పరికరాన్ని తయారుచేసి తెచ్చాడు. అధ్యక్షుడు పడుకున్న పరుపులోని లోహపు తీగలు ఆ పరికరాన్ని తికమకపెట్టాయి. పైగా తూటా ఎడమవైపు ఉంటే, వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు. మన పెరట్లోని మట్టి కూడా యంత్రానికి ఆ పరుపు లాంటిదే, కాబట్టి బల్ల మీద గాలిలో చూపించిన దూరాన్ని నేలలోని లోతుగా ఎప్పుడూ లెక్కవేయవద్దు.

మోత నేల నుంచి వస్తోందా, గాలి నుంచి వస్తోందా అన్నది తేల్చుకోవడం ఎవరికైనా సాధ్యమే, దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కాయిల్‌ను నేలకు నడుమెత్తున ఎత్తి, కదలకుండా పట్టుకోండి. అప్పుడు కూడా చిటపటమంటుంటే అది కరెంటు తీగలదో, ఫోన్‌దో, పక్కన పనిచేస్తున్న మరో డిటెక్టర్‌దో అయి ఉంటుంది; ఫోన్‌ను దూరంగా పెట్టి, ఫ్రీక్వెన్సీ కాస్త మార్చుకునే సౌకర్యం ఉంటే మార్చి చూడాలి. ఎత్తి పట్టినప్పుడు మౌనంగా ఉండి, నేల మీద ఆడించినప్పుడు మాత్రమే మోగితే తప్పు గ్రౌండ్ బ్యాలెన్స్‌ది లేదా ఆ నేలకు మించిన సెన్సిటివిటీది. కాయిల్ తీగ కర్రకు బిగుతుగా చుట్టకుండా వదులుగా ఊగుతున్నా, ఊపు చివర కాయిల్‌ను పైకి లేపుతున్నా, బూట్లలో ఇనుప భాగం ఉన్నా తప్పుడు మోతలు వస్తాయి. సెన్సిటివిటీని తగ్గించే ముందు ఇవి కూడా చూసుకోవాలి.

ఆ తర్వాత సెన్సిటివిటీని పెట్టే పద్ధతి. లోహం లేదని తేలిన చిన్న చోటు ఎంచుకుని, ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేసి, సెన్సిటివిటీని సగం దగ్గర ఉంచి, కాయిల్‌ను నేలకు సమాంతరంగా ఆడిస్తూ ఒక్కొక్క మెట్టు పెంచాలి. అర్థంలేని మోతలు మొదలైన చోట ఆగి, ఒకటి రెండు మెట్లు వెనక్కి రావాలి. ఆ రోజుకు, ఆ నేలకు సరైన స్థానం అదే. వాన కురిసి నేల తడిసినా, పక్క మడిలోకి మారినా మళ్లీ చూసుకోవలసిందే. సంకేతం నిజమైనదైతే ఒకేచోట ప్రతి ఊపులోనూ మోగుతుంది, మీరు పక్కకు తిరిగి అడ్డంగా ఆడించినా మోగుతుంది. ఒక వైపు నుంచి మోగి మరోవైపు నుంచి మాయమైనవాటిని నేను పిచ్చిగా తవ్వాను, తవ్వకుండా ఉండవలసింది.

ఇంకొక సలహా కూడా ఆ అమ్మకందారే ఇచ్చాడు, అదీ ప్రమాదకరమైనదే. చెత్త లోహాలు మోగకుండా డిస్క్రిమినేషన్, అంటే కొన్ని రకాల లోహాలను యంత్రం పట్టించుకోకుండా చేసే అమరిక, పెంచుకోమన్నాడు. సన్నని బంగారు ఉంగరమూ, అల్యూమినియం రేకు ముక్కా యంత్రానికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రేకును వదిలేసేలా పెడితే ఉంగరాన్ని కూడా వదిలేయవచ్చు. బంగారం వెతికేవారు రేకు ముక్కలు తవ్వక తప్పదు.

చివరికి పరిచయస్తుల దగ్గర గ్రౌండ్ బ్యాలెన్స్ మనమే సరిచేసుకునే డిటెక్టర్ అడిగి తెచ్చాను. పైన చెప్పినట్టే పెడితే మా పెరట్లో సెన్సిటివిటీ సగానికి కాస్త పైన నిలిచింది. అంతసేపూ మోగిన మట్టి మౌనమైపోయింది. రెండోసారి తిరుగుతుండగా ఒకచోట రెండు దిక్కుల నుంచీ ఒకేలా మోగింది. నేను ముందు తవ్వి పూడ్చిన ఒక గుంటకు బెత్తెడు దూరంలో, ఏడెనిమిది సెంటీమీటర్ల లోతున, అమ్మ ఉంగరం ఉంది. ఫుల్ సెన్సిటివిటీతో నేను ఆ చోటు మీదుగా ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు.

మొదటి యంత్రాన్ని తిరిగి ఇవ్వబోతే, గడువు దాటిందనీ, కాయిల్ మీద గీతలు, మట్టి మరకలు ఉన్నాయనీ చెప్పి అమ్మకందారు తీసుకోలేదు. మట్టిలో వాడకుండా ఈ లోపాన్ని ఎవరూ కనిపెట్టలేరు, వాడితే మరకలు పడకుండా ఉండవు. కాబట్టి కొనే రోజే కాయిల్ కవర్ కూడా తీసుకుని, పెట్టె తెరిచిన వెంటనే దాన్ని తొడగండి. మొదటి రోజే మీ నేలలో పరీక్షించండి: మీరు వెతకబోయే వస్తువు లాంటి దాన్నే, పోకుండా దారం కట్టి, పది సెంటీమీటర్ల లోతున పూడ్చి, దారం కొస పైకి ఉంచి, యంత్రం ఏ సెన్సిటివిటీ దగ్గర దాన్ని నిలకడగా పట్టుకుంటుందో, ఏ సెన్సిటివిటీ దగ్గర నేలే మోగడం మొదలుపెడుతుందో చూడండి. రెండోది మొదటిదానికంటే ముందే వస్తే ఆ యంత్రం మీ నేలకు పనికిరాదు. ఈ పరీక్షను తేదీ తెలిసేలా వీడియో తీసి, గడువు లోపలే అమ్మకందారుకు రాతపూర్వకంగా పంపండి.

సెన్సిటివిటీ అంకెలను చూసి రెండు యంత్రాలను పోల్చవద్దు. ఒకదాని కొలత 10తో ఆగుతుంది, మరొకదానిది 99 దాకా పోతుంది. ఆ అంకెలు తయారీదారు సొంత మెట్లు మాత్రమే, 99 ఉన్నది లోతుగా చూస్తుందని అర్థం కాదు. అడగవలసిన ప్రశ్నలు వేరు. గ్రౌండ్ బ్యాలెన్స్‌ను నేను సరిచేసుకోవచ్చా, లేక ఫ్యాక్టరీలో బిగించినదా? నా నేల మట్టిని డబ్బాలో తెస్తే, దాని మీద కాయిల్‌ను ఆడించి చూపిస్తారా? నేలలో వాడి చూశాక గడువు లోపల వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాసిస్తారా? వీటికి సూటిగా సమాధానం చెప్పకుండా నాబ్‌ను చివరిదాకా తిప్పి నాణెం చూపిస్తుంటే, అక్కడ కొనకుండా బయటికి వచ్చేయండి.