మొదటి రెగ్యులేటర్: పిస్టనా, డయాఫ్రమా?

స్కూబా డైవింగ్‌లో తొలి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసి, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో మురుడేశ్వర్ ఎదుట ఉన్న నేత్రాణి దీవి దగ్గరో పది పదిహేను డైవ్‌లు చేసేసరికి అద్దె సామాను మీద విసుగు పుడుతుంది. ఎవరో కొరికి చింపిన మౌత్‌పీస్, గాలి పీల్చినప్పుడల్లా దానితోపాటు నాలుక మీద పడే ఉప్పునీటి చుక్కలు ఆ విసుగును మరింత పెంచుతాయి. ట్యాంకులోని గాలిని పీల్చుకోవడానికి వీలైన పీడనానికి తెచ్చి నోటికి అందించే రెగ్యులేటర్ సొంతంగా కొందామని దుకాణానికి వెళితే అక్కడ మొదట డబ్బు సంగతి వస్తుంది. కొనేవారు మాత్రం అంతకుముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎలాంటి నీళ్లలో దిగుతారు, ఎంత లోతుకు వెళతారు, సర్వీసు ఎవరి చేత చేయిస్తారు.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు అందులోని గాలి సుమారు 200 బార్ల పీడనంతో ఉంటుంది. రెగ్యులేటర్‌లో ట్యాంకుకు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్ దానిని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండే స్థాయికి దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ ఆ కాస్త తేడాను కూడా తీసివేసి, మనం తేలిగ్గా పీల్చుకోగలిగేలా గాలిని అందిస్తుంది. ధరలోని తేడా ఎక్కువగా ఫస్ట్ స్టేజ్ నిర్మాణం వల్లనే వస్తుంది కనుక పోలిక అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే సాదాది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్, అంటే ట్యాంకు పీడనంలో మార్పు ప్రభావం చూపే రకం. స్కూబాప్రో ఎంకే2, క్రెస్సీ ఏసీ2 ఈ కోవలోవి. లోపల ఒక పిస్టన్, ఒక స్ప్రింగ్, గాలి బయటికి పోకుండా ఆపే కొన్ని రబ్బరు చుట్లు (ఓ-రింగులు) తప్ప పెద్దగా ఏమీ ఉండవు కాబట్టి చెడిపోవడానికి ఆస్కారం తక్కువ, సర్వీసు కూడా సులభం. లోపం ఏమిటంటే, ట్యాంకులోని పీడనం పిస్టన్ సీటు (గాలి దారిని మూసే భాగం) మీద నేరుగా పనిచేయడం వల్ల గాలి తగ్గేకొద్దీ ఫస్ట్ స్టేజ్ ఇచ్చే మధ్యస్థ పీడనం కూడా కొంత తగ్గుతుంది, చివరి 50 బార్ల దగ్గర శ్వాస కాస్త బరువెక్కినట్టు అనిపిస్తుంది. 18 మీటర్ల లోపు తిరిగేవారికి ఈ తేడా చాలాసార్లు తెలియనే తెలియదు. 30 మీటర్ల లోతులో సంగతి వేరు: అక్కడ మొత్తం పీడనం 4 బార్లు, ప్రతి శ్వాసకూ పైన తీసుకునేదానికి నాలుగింతల గాలి ఖర్చవుతుంది. అలాంటి చోట ట్యాంకు అడుగంటుతున్న సమయంలో తోటి డైవర్ మీ ఆక్టోపస్ (ఆపదలో ఇంకొకరికి ఇచ్చే అదనపు సెకండ్ స్టేజ్) అందుకున్నాడనుకోండి, ఒకే ఫస్ట్ స్టేజ్ కంగారులో ఉన్న ఇద్దరికీ గాలి అందించాలి. ట్యాంకు పీడనం తగ్గినా గాలిని ఒకే తీరుగా ఇచ్చే బ్యాలెన్స్‌డ్ నిర్మాణానికి పెట్టే అదనపు డబ్బు నిజానికి ఆ ఒక్క నిమిషం కోసమే.

అలాగని చవకదాన్ని ప్రమాదకరమైనదిగా చిత్రించడం అన్యాయం. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం రెగ్యులేటర్‌ను 50 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో, ట్యాంకులో 50 బార్లు మాత్రమే ఉన్నట్టుగా, నిమిషానికి 62.5 లీటర్ల గాలి లాగుతూ పరీక్షిస్తారు. ఆ గుర్తు ఉన్న సాదా పిస్టన్ కూడా ఈ పరీక్ష దాటి వచ్చినదే. గుర్తు పక్కన ‘ఏ’ అనే అక్షరం కూడా ఉందేమో చూడండి. ఇద్దరు ఒకేసారి గాలి పీల్చుకునే పరిస్థితికి ఆ సెట్టును పరీక్షించారని దాని అర్థం.

రెండవది బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్. అపెక్స్ డీఎస్4, స్కూబాప్రో ఎంకే17 ఈ రకం. ఇందులో నీటికీ లోపలి యంత్రాంగానికీ మధ్య ఒక రబ్బరు పొర ఉంటుంది. ట్యాంకులో 200 బార్లున్నా 50 బార్లున్నా శ్వాస దాదాపు ఒకే తీరుగా అందుతుంది. ఎంకే17 లాంటి సీల్డ్ రకాల్లో బయటి స్ప్రింగును కూడా నీరు తాకదు. ఈ సీలింగును అమ్మేవారు చన్నీటి రక్షణగా చెబుతారు; నీరు 10 డిగ్రీల కంటే చల్లబడితే లోపల మంచు కట్టి గాలి ఆగకుండా వెలువడే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది నిజమే. జర్మనీలోనో కెనడాలోనో స్థిరపడి అక్కడి సరస్సుల్లో దిగే తెలుగువారికి సీల్డ్ రకం తప్పనిసరి అంటాను. అండమాన్ నీరు మాత్రం సుమారు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, అక్కడ మంచు గురించి దిగులుపడవలసిన పని లేదు. మనకు సీలింగు వల్ల కలిగే మేలు వేరే ఉంది. విశాఖ, పుదుచ్చేరి తీరాల్లో అలలకు లేచే ఇసుక, బురద పిస్టన్ స్ప్రింగ్ గదిలోకి నేరుగా వెళతాయి, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. సీల్డ్ డయాఫ్రమ్‌లో ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

ఎంకే25 వంటి బ్యాలెన్స్‌డ్ పిస్టన్లు గాలిని ధారాళంగా ఇస్తాయి, ఖరీదూ అంతే ధారాళం. మొదటి కొనుగోలుకు అవి అక్కరలేదు.

ట్యాంకుకు బిగించే పద్ధతి గురించి జరిగే వాదం అవసరానికి మించినది. యోక్ బిగింపు వాల్వును బయటినుంచి పట్టుకుంటుంది. డిన్ రకం మరచుట్టులాగా లోపలికి తిరుగుతుంది, ఓ-రింగ్ రెగ్యులేటర్ మీదే ఉంటుంది కనుక మరింత భద్రం. అయితే ఎక్కువగా దిగే చోట ఏ వాల్వులు ఉన్నాయో ముందు కనుక్కోండి. మున్ముందు యూరప్‌లో కూడా దిగే ఆలోచన ఉంటే డిన్ తీసుకొని, యోక్ వాల్వుల కోసం ఒక అడాప్టర్ సంచిలో వేసుకోవడం మేలు.

అసలు తేడా కొన్న తరువాత బయటపడుతుంది. తయారీదారు చెప్పినదాన్నిబట్టి ఏటా లేదా రెండేళ్లకోసారి ఓ-రింగులు, సీట్లు మార్పించాలి, ఆ విడిభాగాలు ఆ కంపెనీవే అయివుండాలి. నా మొదటి సెట్టును సర్వీసుకు ఇచ్చినప్పుడు టెక్నీషియన్ ఫస్ట్ స్టేజ్ విప్పి, గాలి లోపలికి వెళ్లే చోట ఉండే చిన్న లోహపు ఫిల్టరును అరచేతిలో పెట్టి చూపించాడు. వెండి రంగులో మెరవవలసిన ఆ బిళ్ళ అంచున పచ్చగా తుప్పు పట్టి ఉంది. ఆ ద్వారాన్ని కప్పే మూతను (డస్ట్ క్యాప్) తడి తుడవకుండా మూసిన తప్పు నాదే. పిస్టనైనా డయాఫ్రమైనా ఇంత నిర్లక్ష్యాన్ని భరించదు. అందుకే మీకు అందుబాటులో ఉన్న టెక్నీషియన్ ఏ కంపెనీ సరుకు విప్పగలడో అడిగి, ఆ కంపెనీలోనే ఎంచుకోండి. కాగితం మీద అంతకంటే మెరుగైనది కనిపించినా సరే.

ఏడాదికి ఒక్క అండమాన్ ప్రయాణం, 18 మీటర్ల హద్దు అయితే సాదా పిస్టన్ చాలు, మిగిలిన డబ్బు లోతు, సమయం లెక్కగట్టి చూపే మంచి డైవ్ కంప్యూటర్ మీద పెట్టవచ్చు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి 30 మీటర్ల దాకా వెళ్లే ఉద్దేశం ఉన్నా, తూర్పు తీరంలో తరచుగా దిగేవారైనా, బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్‌కే నా ఓటు. సెకండ్ స్టేజ్‌లో శ్వాస బిగువు సవరించే మీటల కోసం ఎక్కువ పెట్టకండి. నోట్లో బరువనిపించకపోతే సాదాదైనా చాలు.

పాతది కొంటున్నట్లయితే డబ్బు ఇచ్చేముందు నిండు ట్యాంకుకు తగిలించి, మధ్యస్థ పీడనం చూపే గేజ్ పెట్టించి, సెకండ్ స్టేజ్ మీద ఉండే, గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్‌ను రెండు మూడుసార్లు నొక్కి ఐదు నిమిషాలు ఆగండి. ముల్లు ఒకచోట నిలబడాలి. మెల్లగా పైకి పాకుతూ ఉంటే సీటు అరిగినట్టే, ఆ సెట్టు ఎంత చవకైనా వద్దు.